ఈడబ్ల్యూఎస్‌ఆర్1 ఫిష్ నెగటివ్, సీఐసీ–డక్స్4 పాజిటివ్: సార్కోమా పేరు ఎందుకు మారింది?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోండి. మీ తమ్ముడికి 22 ఏళ్లు. ఎడమ తొడ కండరాల లోపల గడ్డ. నెల్లూరులో బయాప్సీ చేస్తే 'స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్, ఈవింగ్ సార్కోమా కావచ్చు' అన్నారు. సార్కోమా అంటే ఎముక, కండరం, కొవ్వు లాంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్, ఈవింగ్ అందులో ఒక రకం. చెన్నై వచ్చాక ఈడబ్ల్యూఎస్‌ఆర్1 అనే జన్యువు విరిగిందేమో చూసే ఫిష్ టెస్టు చేస్తే నెగటివ్ వచ్చింది. ఈలోపు ఒక సైకిల్ కీమో ఇచ్చారు. ఇప్పుడు చాలా జన్యువుల అతుకులను ఒకేసారి వెతికే ఆర్‌ఎన్‌ఏ ప్యానెల్ రిపోర్టులో 'సీఐసీ–డక్స్4 ఫ్యూజన్, సీఐసీ రీఅరేంజ్డ్ సార్కోమా' అని ఉంది, అంటే సీఐసీ, డక్స్4 అనే రెండు జన్యువులు ఒకటిగా అతుక్కున్నాయని. మొదటి రిపోర్టు తప్పా, ఇచ్చిన కీమో తప్పా, జీన్ దొరికింది కాబట్టి దానికి టాబ్లెట్ ఉందా, అమ్మానాన్నలది మేనరికం కాబట్టి ఇది వాళ్ల నుంచి వచ్చిందా, చెల్లికి సంబంధాలు చూస్తున్నారు కనుక ఆమెకూ టెస్టు చేయించాలా అని అడిగారు.

నేను చెన్నైలో పాథాలజిస్టుని. నా టేబుల్ మీదకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటి మెత్తటి కణజాలం గడ్డలే. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, తిరుపతి నుంచి బ్లాకులు, అంటే బయాప్సీ ముక్కను పొదిగిన మైనపు దిమ్మలు, పట్టుకుని వచ్చేవాళ్లు మీలాగే జీన్ పేరు చూసి బెదిరిపోతారు. కాబట్టి మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఇంట్లో అందరికీ నిద్ర లేకుండా చేసేది అదే.

ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు. ఈ ఫ్యూజన్ మీ తమ్ముడు పుట్టినప్పుడు అతని ఒంట్లో లేదు. తర్వాత ఎప్పుడో ఒక్క కణంలో రెండు క్రోమోజోములు విరిగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంది. ఆ కణం పెరిగి పెరిగి గడ్డ అయింది. గడ్డ కణాల్లో తప్ప ఒంట్లో మిగతా కణాల్లో ఆ మార్పు ఉండదు, కాబట్టి రేపు అతని పిల్లలకూ వెళ్లదు. మేనరికంలో భయపడాల్సినవి వేరే జబ్బులు. ఒకే జన్యువులో దెబ్బతిన్న కాపీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి కలిస్తే అవి బయటపడతాయి. దీని దారి అది కాదు. మీ చెల్లికి ఈ టెస్టు అక్కర్లేదు. చేయించినా అందులో ఏమీ ఉండదు. సంబంధం మాట్లాడేవాళ్లు అడిగితే ఇదే మాట ధైర్యంగా చెప్పండి. చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలిన చోటే గడ్డ వచ్చిందని కూడా రాశారు. దెబ్బ వల్ల ఈ ఫ్యూజన్ రాదు. దెబ్బ తగిలినప్పుడు చెయ్యి అక్కడికి పోతుంది, అప్పటికే ఉన్న గడ్డ తెలుస్తుంది, అంతే.

దీనికి ఒక మినహాయింపు చెప్పాలి. మీ వంశంలో చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సరో, మెదడు గడ్డలో, ఎముక సార్కోమాలో వరసగా ఉంటే లి–ఫ్రామెని అనే పరిస్థితి గురించి ఆలోచిస్తాం. అందులో టీపీ53 అనే జన్యువు పుట్టుకతోనే చెడి ఉంటుంది. ఒంటి నిండా కాఫీ రంగు మచ్చలు, చర్మం కింద గడ్డలు ఉండే న్యూరోఫైబ్రోమటోసిస్ మరొకటి. మీరు రాసినదాన్ని బట్టి అలాంటివేమీ మీ ఇంట్లో లేవు.

ఇక పేరు సంగతి. సార్కోమాలకు పాతకాలంలో చూపును బట్టి పేరు పెట్టేవాళ్లు. మైక్రోస్కోప్ కింద కొవ్వులా కనిపిస్తే లైపోసార్కోమా, కండరంలా కనిపిస్తే రాబ్డోమయోసార్కోమా. కీళ్ల దగ్గర ఉండి కీలు పొరలా కనిపించినదానికి సైనోవియల్ సార్కోమా అన్నారు. అది కీలు పొర నుంచి పుట్టదని తర్వాత తేలినా పేరు మాత్రం ఉండిపోయింది. దేనిలానూ కనిపించనివాటన్నిటినీ చాలాకాలం 'మాలిగ్నంట్ ఫైబ్రస్ హిస్టియోసైటోమా' అనే ఒక్క గదిలో వేశారు. ఒకప్పుడు పెద్దవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా రాసిన సార్కోమా పేరు అదే. తీరా విడదీసి చూస్తే అందులో కొవ్వు గడ్డలు, కండరం గడ్డలు, చివరికి సార్కోమా కానివి కూడా ఉన్నాయి. గడ్డల వర్గీకరణకు మేం అనుసరించే డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకం 2013 ఎడిషన్ వచ్చేసరికి ఆ పేరే తీసేశారు. కాబట్టి పేర్లు మారడం మీ తమ్ముడితో మొదలైన విషయం కాదు.

క్రోమోజోముల మార్పిడి ఇందులోకి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి ఈవింగ్ సార్కోమానే మంచి ఉదాహరణ. జేమ్స్ ఈవింగ్ అనే పాథాలజిస్టు 1921లో దీన్ని వర్ణించాడు. రక్తనాళాల లోపలి పొర నుంచి వస్తుందనుకున్నాడు. 1983లో ఈ గడ్డ కణాల్లో 11వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ ముక్కలు మార్చుకున్నాయని గుర్తించారు. 1992లో ఆ అతుకు దగ్గర ఉన్న జన్యువులు దొరికాయి. 22 మీద ఈడబ్ల్యూఎస్‌ఆర్1, 11 మీద ఎఫ్‌ఎల్‌ఐ1. ఈవింగ్ కేసుల్లో దాదాపు 85 శాతం ఈ జంటే. ఇంకో 10 శాతంలో ఎఫ్‌ఎల్‌ఐ1 బదులు దాని చుట్టం ఎర్గ్ ఉంటుంది.

ఈ అతుకు ఎందుకు ప్రమాదమో మన ఊళ్ల లెక్కలో చెబుతాను. పొలాల్లో మోటార్లకు త్రీఫేజ్ కరెంటు కొన్ని గంటలే ఇస్తారు. ఆ మోటారును ఇరవైనాలుగు గంటలూ కరెంటుండే లైనుకు ఎవరైనా కలిపేస్తే నీళ్లు అవసరమున్నా లేకున్నా అది తిరుగుతూనే ఉంటుంది. ఈడబ్ల్యూఎస్‌ఆర్1 అలా ఎప్పుడూ ఆన్‌లో ఉండే జన్యువు. ఎఫ్‌ఎల్‌ఐ1 మామూలుగా అవసరమైనప్పుడు, అవసరమైన కణంలో మాత్రమే పనిచేయాలి. ఎఫ్‌ఎల్‌ఐ1లో డీఎన్‌ఏను పట్టుకునే భాగం ఉంది, ఈడబ్ల్యూఎస్‌ఆర్1లో జన్యువులను ఎగదోసే భాగం ఉంది. రెండూ ఒకే ప్రొటీన్‌గా తయారైతే, పట్టుకున్న చోటల్లా ఎగదోస్తుంది. అంటే ఏ జన్యువులు మోగాలో నిర్ణయించేది రెండో జన్యువే. అందుకే రిపోర్టులో రెండో పేరు ఏమిటని నేను ఎప్పుడూ అడుగుతాను. మీరూ అడగండి.

ఈ పరిశోధన రెండు రకాలుగా పేర్లను మార్చింది. మొదటిది కలపడం. పీనెట్ అని ఒకటి, ఛాతీ గోడలో వచ్చే ఆస్కిన్ ట్యూమర్ అని ఇంకొకటి పుస్తకాల్లో వేరువేరుగా ఉండేవి. లోపల అదే 11–22 మార్పిడి ఉందని తేలాక అవన్నీ ఈవింగ్‌లో కలిసిపోయాయి. రౌండ్ సెల్ లైపోసార్కోమా, మిక్సాయిడ్ లైపోసార్కోమా రెండింట్లోనూ ఫస్–డీడీఐటీ3 ఫ్యూజన్ ఉంది, కాబట్టి అవి ఒకే జబ్బు, మొదటిది దాని ముదిరిన రూపం. హీమాంజియోపెరిసైటోమా అన్నవాటిలో చాలా భాగం సాలిటరీ ఫైబ్రస్ ట్యూమరే అనే అనుమానం ముందే ఉండేది. 2013లో న్యాబ్2–స్టాట్6 ఫ్యూజన్ దొరకడంతో ఆ వాదన ముగిసింది.

రెండోది విడదీయడం. మీ తమ్ముడి కేసు ఇక్కడికి వస్తుంది. చూడడానికి ఈవింగ్‌లానే గుండ్రటి చిన్న కణాలు, కానీ ఈడబ్ల్యూఎస్‌ఆర్1 మార్పు లేదు. ఇలాంటివాటిని చాలాకాలం 'ఈవింగ్ లాంటి సార్కోమా' అని రాసేవాళ్లం. 2006లో వాటిలో కొన్నింటిలో సీఐసీ–డక్స్4 ఫ్యూజన్ దొరికింది. సీఐసీ 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, డక్స్4 నాలుగో క్రోమోజోమ్ చివరనో, పదో క్రోమోజోమ్ చివరనో ఉంటుంది. 2012లో ఇంకొన్నింటిలో బీకోర్–సీసీఎన్‌బీ3 దొరికింది. అది ఎక్కువగా కౌమారంలో ఉన్న మగపిల్లల ఎముకల్లో వస్తుంది. 2020లో వచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ ఐదో ఎడిషన్‌లో వీటికి ఒక అధ్యాయమే పెట్టారు. అందులో ఈవింగ్, సీఐసీ, బీకోర్, ఈడబ్ల్యూఎస్‌ఆర్1 వేరే రకం జన్యువులతో అతుక్కున్నవి అని నాలుగు గదులు ఉన్నాయి. మీ తమ్ముడిది రెండో గది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నెల్లూరు రిపోర్టు 'ఈవింగ్ కావచ్చు' అంది, 'ఈవింగ్' అని తేల్చలేదు. ఆ తేడా చిన్నది కాదు. మీరు పంపిన రిపోర్టులో సీడీ99 అనే ప్రొటీన్‌కు వేసే రంగు పరీక్ష అక్కడక్కడ మాత్రమే పాజిటివ్ అని కూడా రాశారు. ఈవింగ్‌లో సీడీ99 మామూలుగా ప్రతి కణం చుట్టూ గట్టిగా రంగు పడుతుంది. అక్కడక్కడ పడితే ఆలోచించాలి. ఆ డాక్టరుగారు దాన్ని దాచకుండా రాశారు, పెద్ద సెంటరుకు పంపమన్నారు. నన్నడిగితే అది మంచి రిపోర్టు. చెన్నై ఫిష్ కూడా తప్పు కాదు. ఈడబ్ల్యూఎస్‌ఆర్1 విరిగిందా అని అడిగారు, విరగలేదని చెప్పింది. మీ తమ్ముడి గడ్డలో నిజంగానే అది విరగలేదు, విరిగింది సీఐసీ.

ఫిష్ ఎలా చేస్తారో తెలిస్తే ఈ గందరగోళం తగ్గుతుంది. ఒక జన్యువుకు రెండు వైపులా రెండు రంగుల ప్రోబులు అంటిస్తారు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. జన్యువు విరగకపోతే రెండూ ఒకచోటే ఉండి పసుపుగా కనిపిస్తాయి. విరిగితే దూరంగా విడిపోతాయి. యాభై నుంచి వంద కణాలు లెక్కపెట్టి ఎంత శాతంలో విడిపోయిందో రాస్తారు. దీనిలో రెండు లోపాలు ఉన్నాయి. విరిగిందని చెబుతుంది కానీ విరిగిన ముక్క ఎవరితో అతుక్కుందో చెప్పదు. రెండోది, అతుక్కున్న జన్యువు అదే క్రోమోజోమ్ మీద పక్కనే ఉంటే రంగులు పెద్దగా విడిపోవు, కంటికి నెగటివ్‌గానే కనిపిస్తుంది. న్యాబ్2, స్టాట్6 రెండూ 12వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. అందుకే అక్కడ ఫిష్ దండగ. ఐహెచ్‌సీ అంటే స్లైడు మీద ఒక ప్రొటీన్ ఉన్న చోట రంగు పడేలా చేసే పరీక్ష. స్టాట్6 ఐహెచ్‌సీ వేస్తే కేంద్రకంలో రంగు పడుతుంది, చాలా తక్కువ ఖర్చులో తేలిపోతుంది.

ఆర్‌ఎన్‌ఏ ప్యానెల్‌కీ లోపాలు ఉన్నాయి, సీఐసీ–డక్స్4 విషయంలో మరీ. డక్స్4 జన్యువు ఒకే వరుస పదేపదే వచ్చే ప్రాంతంలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ ముక్క ఎక్కడిదో తేల్చడం కష్టం, అందుకని ఫ్యూజన్ ఉన్నా వదిలేసే అవకాశం ఉంది. సీఐసీ ఫిష్ కూడా కొన్ని కేసుల్లో తప్పుతుంది. కాబట్టి గుండ్రటి కణాల గడ్డలో ఏ టెస్టూ పాజిటివ్ రాకపోతే 'సీఐసీ కాదు' అని నేను వెంటనే రాయను. ఈటీవీ4, డబ్ల్యూటీ1 ఐహెచ్‌సీలు చూస్తాను. సీఐసీ మామూలుగా ఈటీవీ4 లాంటి జన్యువులను అణచి ఉంచుతుంది. డక్స్4 తోక తగిలాక అదే సీఐసీ వాటిని ఎగదోస్తుంది. అందుకే ఈటీవీ4 రంగు పడితే లోపల ఏం జరిగిందో పరోక్షంగా తెలుస్తుంది. మీ రిపోర్టులో ఫ్యూజన్ దొరికింది, డబ్ల్యూటీ1 కూడా పాజిటివ్, వయసూ చోటూ సరిపోయాయి. ఈవింగ్ ఎక్కువగా ఎముకలో మొదలవుతుంది, సీఐసీ సార్కోమా ఎక్కువగా మెత్తటి కణజాలంలో, యువకుల్లో వస్తుంది. ఇన్ని ఒకే వైపు చూపిస్తున్నప్పుడు డయాగ్నసిస్ మీద నాకు అనుమానం లేదు.

ఇన్ని కలిపి చూడాలని ఎందుకు పట్టుబడతానో చెబుతాను. ఇంటర్నెట్‌లో జీన్ పేరు కొట్టి జబ్బు పేరు తీసుకునేవాళ్లు ఎక్కువయ్యారు, ఈ మధ్య కొందరు డాక్టర్లు కూడా. ఈడబ్ల్యూఎస్‌ఆర్1–ఏటీఎఫ్1 అనే ఫ్యూజన్ తీసుకోండి. పాదం, చీలమండ దగ్గర స్నాయువులను అంటిపెట్టుకుని వచ్చే క్లియర్ సెల్ సార్కోమాలో అది ఉంటుంది. అది మెలనోమాలా ప్రవర్తించే మొండి జబ్బు. సరిగ్గా అదే ఫ్యూజన్ పిల్లల్లో వచ్చే యాంజియోమటాయిడ్ ఫైబ్రస్ హిస్టియోసైటోమాలోనూ ఉంటుంది. అది చాలామందిలో ఆపరేషన్‌తో పోయే గడ్డ, వేరే చోటికి పాకడం అరుదు. లాలాజల గ్రంథిలో వచ్చే ఒక నెమ్మదైన క్యాన్సర్‌లోనూ అదే ఫ్యూజన్. మూడింటికీ ఎన్‌జీఎస్, అంటే చాలా జన్యువులను ఒకేసారి చదివే ప్యానెల్, రిపోర్టులో ఒకే వాక్యం వస్తుంది. స్లైడు చూడకుండా ఆ వాక్యం మీద వైద్యం మొదలుపెడితే పిల్లవాడికి అక్కర్లేని కీమో ఇచ్చినట్టవుతుంది.

ఈటీవీ6–ఎన్‌టీఆర్‌కే3 ఇంకా చిత్రం. పసిపిల్లల ఫైబ్రోసార్కోమాలో, పసిపిల్లల మూత్రపిండం గడ్డ ఒకదానిలో, పెద్దవాళ్ల రొమ్ములో వచ్చే సెక్రెటరీ క్యాన్సర్‌లో, లాలాజల గ్రంథి క్యాన్సర్‌లో, అన్నిటిలోనూ ఉంటుంది.

ఫ్యూజన్ అంటేనే క్యాన్సర్ అనుకోవడం కూడా పొరపాటు. నాడ్యులర్ ఫేషియైటిస్ అని ఒక గడ్డ ఉంది. ముంజేతి మీద రెండు మూడు వారాల్లో ఉబ్బుతుంది, మైక్రోస్కోప్‌లో కణాలు గబగబా విభజన చెందుతూ అచ్చం సార్కోమాలా బెదిరిస్తాయి. అందులో ఎంవైహెచ్9–యూఎస్‌పీ6 ఫ్యూజన్ ఉంటుందని 2011లో తేలింది. కొన్నాళ్లకు దానంతటదే ఆగిపోయి కరిగిపోయే గడ్డ అది. ఒక చోట సార్కోమా అని రాసి, చెయ్యి మీద పెద్ద ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చాక ఆ కుర్రాడి బ్లాక్ నా దగ్గరకు వచ్చింది. యూఎస్‌పీ6 ఫిష్ పాజిటివ్ రావడంతో ఆపరేషన్ మానేశారు. అక్కడ జీన్ టెస్టు పేరును చెడు నుంచి మంచికి మార్చింది. మామూలు కొవ్వు గడ్డల్లో కూడా చాలావాటిలో హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువు విరిగి ఉంటుంది, వాటితో మనుషులు ఏళ్లకేళ్లు హాయిగా ఉంటారు.

ఇంకోవైపు, సార్కోమాల్లో మూడో వంతుకే ఇలాంటి స్పష్టమైన ఫ్యూజన్ ఉంటుంది. లియోమయోసార్కోమా లాంటివాటిలో క్రోమోజోములన్నీ చిందరవందరగా ఉంటాయి, చెప్పుకోదగ్గ ఒక అతుకు దొరకదు. పెద్దవాళ్ల కడుపు వెనక వచ్చే లైపోసార్కోమాలో ఫ్యూజన్ కాదు, ఎండీఎం2 జన్యువు కాపీలు పెరిగిపోయి ఉంటాయి. అలాంటివాళ్లకు ఖరీదైన ఫ్యూజన్ ప్యానెల్ చేయించి 'ఏమీ దొరకలేదు' అనే కాగితం చేతిలో పెట్టడం చూస్తే నాకు కోపం వస్తుంది. అరవై ఏళ్ల మనిషి కడుపులో కొవ్వు గడ్డకు ఎండీఎం2 ఫిష్ చాలు. ప్రతి గడ్డకూ ఎన్‌జీఎస్ రాయడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. ఫిష్ వేలల్లో అయితే ప్యానెల్ పదుల వేలల్లో ఉంటుంది. ముందు స్లైడు, తర్వాత ఆలోచించి వేసిన నాలుగు ఐహెచ్‌సీలు, అప్పటికీ తేలకపోతే ప్యానెల్, అదీ వరస. డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకం కూడా చాలా గడ్డలకు జన్యుపరీక్షను 'తప్పనిసరి' గడిలో పెట్టకుండా 'ఉంటే మంచిది' గడిలో పెట్టింది. అన్ని ఊళ్లలో అన్ని టెస్టులూ ఉండవని వాళ్లకూ తెలుసు. మీ తమ్ముడి కేసులో ప్యానెల్ సరైన నిర్ణయమే, అతనికి వేరే దారి లేదు.

కీమో గురించి. సీఐసీ సార్కోమాకు ఇదీ ప్రామాణిక కీమో అని ప్రపంచంలో ఎక్కడా ఇంకా స్థిరపడలేదు. కొన్ని సెంటర్లు ఈవింగ్‌కు ఇచ్చేదే ఇస్తాయి. అంటే విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఒకసారి, ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ ఒకసారి, మార్చి మార్చి. కొన్ని డాక్సోరుబిసిన్, ఐఫాస్ఫమైడ్ కలిపి ఇస్తాయి. మీ తమ్ముడికి ఇచ్చిన మొదటి సైకిల్ వీటిలో ఒక దారిలోదే. తప్పు మందు ఎక్కిందని బాధపడకండి. ఇకపై అదే కొనసాగించాలా, ఆపరేషన్ ముందుకు జరపాలా అన్నది స్కాన్‌లో గడ్డ ఎలా స్పందించిందో చూసి మీ ఆంకాలజిస్టు, సర్జన్, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని తేల్చాలి. 'మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా' అని నేరుగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మీరు అడగలేదు కానీ గూగుల్‌లో మీకు కనిపించే ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. ఈవింగ్ కంటే ఇది మొండిది. 2017లో 115 కేసులతో వచ్చిన ఒక అధ్యయనంలో ఐదేళ్ల మనుగడ సీఐసీ వాళ్లలో 43 శాతం, పోల్చి చూసిన ఈవింగ్ వాళ్లలో 77 శాతం. ఈ అంకెను మీ తమ్ముడికి అలాగే అంటించకండి. అందులో రకరకాల వయసులవాళ్లు, రకరకాల వైద్యాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఊపిరితిత్తులకు పాకలేదని మీ సీటీ రిపోర్టు చెబుతోంది, గడ్డ చేతికి అందే చోట ఉంది. ఇవి రెండూ అతనికి కలిసొచ్చేవి. ఇలా చెప్పడానికి కారణం ఒక్కటే. 'ఈవింగ్ కాదట, హమ్మయ్య' అని కీమో మధ్యలో ఆపి నాటుమందుకు వెళ్లినవాళ్లను చూశాను.

టాబ్లెట్ ప్రశ్నకు జవాబు మీకు నచ్చదు. సీఐసీ–డక్స్4ను నేరుగా అడ్డుకునే ఆమోదించిన మందు లేదు. ఈడబ్ల్యూఎస్‌ఆర్1–ఎఫ్‌ఎల్‌ఐ1 దొరికి ముప్పై ఏళ్లు దాటినా దానికీ లేదు. ఇలాంటి ఫ్యూజన్ ప్రొటీన్లు డీఎన్‌ఏ మీద కూర్చుని పనిచేస్తాయి, మందు ఇరుక్కునే గుంత లాంటి చోటు వాటిలో సరిగ్గా ఉండదు. మందు ఉన్న ఫ్యూజన్లు కొన్నే, వాటిలో ఎక్కువగా కైనేజ్ అనే ఎంజైములో, దాన్ని రెచ్చగొట్టే ప్రొటీన్లో ఉంటాయి. చర్మంలో వచ్చే డీఎఫ్‌ఎస్‌పీ అనే సార్కోమాలో కాల్1ఏ1–పీడీజీఎఫ్‌బీ ఉంటుంది, ఇమాటినిబ్ పనిచేస్తుంది, 2006లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఎన్‌టీఆర్‌కే ఫ్యూజన్లకు లారోట్రెక్టినిబ్ 2018లో వచ్చింది. ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్‌లో దాదాపు సగం మందికి ఆల్క్ ఫ్యూజన్ ఉంటుంది, దానికి క్రిజోటినిబ్ 2022లో ఆమోదం పొందింది. అందుకే జబ్బు తిరగబెట్టిన ఏ సార్కోమాలోనైనా ఇవి ఉన్నాయేమో చూడడంలో అర్థం ఉంది. మీ తమ్ముడి రిపోర్టులో ఇవి నెగటివ్ అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మళ్లీ చేయించకండి, డబ్బు దండగ.

మూడో చోట ఇంకోసారి టెస్టు చేయించాలా అన్నారు. టెస్టు అక్కర్లేదు, స్లైడులు, బ్లాకు ఇంకొక సార్కోమా పాథాలజిస్టు చూస్తే చాలు. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వెల్లూరు సీఎంసీ, బెంగళూరు కిద్వాయ్, ముంబై టాటా మెమోరియల్, ఇవన్నీ ఇలాంటి కేసులు ఎక్కువగా చూసే చోట్లే. ఒక్క చోట చూపించండి. మూడు నాలుగు చోట్ల తిరిగితే బ్లాకులో ఉన్న కణజాలం తరిగిపోతుంది, కీమో తేదీలు వెనక్కి జరుగుతాయి.

బ్లాకు గురించి నేను ఎక్కువ మాట్లాడతానని మా ల్యాబులో నవ్వుతారు. కానీ ఈ టెస్టులన్నీ ఆ గోరంత మైనపు ముక్క మీదే ఆధారపడి ఉన్నాయి. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. బయాప్సీ ముక్కను సెలైన్‌లోనో నీళ్లలోనో పెట్టి ఊరు దాటించకండి. 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్కకు పదింతల మందు ఉండేలా వెయ్యాలి. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి ఇంకుతుంది. పెద్ద గడ్డను కొయ్యకుండా అలాగే డబ్బాలో ముంచితే పైన బాగుండి లోపల కుళ్లుతుంది, ఆర్‌ఎన్‌ఏ పోతుంది. ఎముక ముక్కైతే దాన్ని మెత్తపరచడానికి గాఢమైన ఆసిడ్ వాడితే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ పాడవుతాయి. మెత్తటి భాగాన్ని విడిగా ఆసిడ్ తగలకుండా ప్రాసెస్ చేయమని, లేదా ఆసిడ్ బదులు ఎముకను మెల్లగా మెత్తపరిచే ఈడీటీఏ వాడమని సర్జన్‌తో ముందే చెప్పించండి. ఆస్పత్రి మారేటప్పుడు స్లైడులు మాత్రమే ఇచ్చి పంపిస్తుంటారు, బ్లాకు కూడా సంతకం పెట్టి తెచ్చుకోండి. మే నెలలో గూడూరు నుంచి కారులో వస్తూ దాన్ని డాష్‌బోర్డు మీద పెట్టకండి. మైనం మెత్తబడితే అచ్చు చెదిరిపోతుంది, మేం మళ్లీ పోసుకోవాలి.

ప్యానెల్ రిపోర్టులో 'నో ఫ్యూజన్ డిటెక్టెడ్' అని వస్తే పై వాక్యం చదివి ఊరుకోకండి. కింద ఆర్‌ఎన్‌ఏ నాణ్యత, గడ్డ కణాల శాతం అని రెండు వరుసలు ఉంటాయి. అవి బాగా లేకపోతే ఆ నెగటివ్‌కు విలువ లేదు.

మీ తమ్ముడికి రెండు మూడు సైకిళ్ల తర్వాత ఆపరేషన్ ఉంటుందని రాశారు. అప్పుడు వచ్చే పెద్ద ముక్క మీద మళ్లీ ఫ్యూజన్ టెస్టు అవసరం లేదు, ఫ్యూజన్ మారదు. ఆ రిపోర్టులో మూడు విషయాలు ఉన్నాయో లేదో చూడండి. కీమోకి గడ్డలో ఎంత శాతం చచ్చింది, కోసిన అంచుల్లో గడ్డ కణాలు ఉన్నాయా లేదా, దగ్గరి అంచు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఇవి రాయకుండా రిపోర్టు ఇస్తే వెనక్కి ఇచ్చి రాయించుకోండి.